ఆఫ్రికా భాషల విజ్ఞాన సర్వస్వాలు: వ్యాసాల లెక్క, రాసినవారి కథ

ఆఫ్రికా ఖండంలో వాడుకలో ఉన్న భాషలు రెండు వేలకు అటూ ఇటూగా ఉంటాయని భాషాశాస్త్రవేత్తల అంచనా. వాటిలో నలభైకి పైగా భాషలకు నేడు వికీపీడియా ఉంది. అంటే ఎవరైనా రాయడానికి, ఎవరైనా దిద్దడానికి వీలున్న అంతర్జాల విజ్ఞాన సర్వస్వం ఉంది. వీటి చరిత్రను వ్యాసాల సంఖ్య ఎప్పుడు వెయ్యి దాటింది, ఎప్పుడు పది వేలు దాటింది అన్న క్రమంలో చెప్పడం పరిపాటి. అయితే ఆ సంఖ్య ఒక్కసారిగా ఎగసిన సందర్భాలను పరిశీలిస్తే, చాలాసార్లు దాని వెనుక బయటినుంచి వచ్చిన ఊతం ఒకటి కనిపిస్తుంది. ఒకసారి అది భాషా సంకేతాల పట్టిక, మరొకసారి బహుమతుల పోటీ, ఇంకొకసారి కంప్యూటరు ప్రోగ్రాము, ఇటీవల యంత్రానువాదం. ఆ ఊతం తీసేశాక నిలిచినదెంత, దానిని నిలిపినవారెవరు అన్నవే ఈ చరిత్రలో విచారించదగిన ప్రశ్నలు.

అంతర్జాలానికి ముందు ఆఫ్రికాలో సర్వస్వ రచన జరగలేదని చెప్పడం పొరపాటు. మడగాస్కర్ ద్వీపంలో రవెలొజావొనా అనే పాస్టరు, ఆయన సహచరులు 1937లో మలగాసీ భాషలో 'ఫిరకెతన' అనే విజ్ఞాన సర్వస్వ నిఘంటువును విడి భాగాలుగా ప్రచురించడం మొదలుపెట్టారు. మలగాసీ మాటలనూ, ఆ దేశపు వస్తువులనూ, ఆచారాలనూ అక్షరక్రమంలో వివరించిన ఆ గ్రంథం దశాబ్దాల పాటు సాగి, చివరి అక్షరం చేరకుండానే 1970లలో ఆగిపోయింది. దక్షిణాఫ్రికాలో డచ్చి వలసదారుల భాష నుంచి రూపొందిన ఆఫ్రికాన్స్‌కు ప్రభుత్వ ఆదరణ, విశ్వవిద్యాలయాలు, ప్రచురణ సంస్థలు ఉండటం వల్ల ఆ భాషలో పిల్లల విజ్ఞాన సర్వస్వం 1940ల చివరికే వెలువడింది. ఖండం మొత్తాన్ని ఉద్దేశించిన ప్రయత్నాలు మాత్రం ఐరోపా భాషల్లోనే సాగాయి. నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్ 1909లోనే తలపెట్టిన 'ఎన్‌సైక్లోపీడియా ఆఫ్రికానా' పనికోసం ఘనా అధ్యక్షుడు క్వామె ఎంక్రుమా ఆయనను 1961లో అక్రాకు రప్పించగా, పని ప్రారంభ దశలో ఉండగానే 1963 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఆయన ఆశయాన్ని స్మరిస్తూ 1999లో మైక్రోసాఫ్ట్ సంస్థ సీడీ రూపంలో తెచ్చిన 'ఎన్‌కార్టా ఆఫ్రికానా' కూడా ఆంగ్ల గ్రంథమే. ఆఫ్రికాను గురించిన విజ్ఞానానికీ ఆఫ్రికా భాషల్లోని విజ్ఞానానికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని 20వ శతాబ్దం తీర్చకుండానే వెళ్లిపోయింది.

ఆంగ్ల వికీపీడియా 2001 జనవరిలో మొదలు కాగా, అదే సంవత్సరం నవంబరులో ఆఫ్రికాన్స్ వికీపీడియా ఏర్పడింది. ఆ తరువాతి రెండు మూడేళ్లలో స్వాహిలి, యోరుబా, హౌసా, జులూ, మలగాసీ వంటి అనేక భాషలకు చిరునామాలు వెలిశాయి. తెలుగు వికీపీడియా పుట్టినది కూడా ఆ రోజుల్లోనే, 2003 డిసెంబరులో. అయితే ఇక్కడ పుట్టుక అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవలసి ఉంది. అంతర్జాతీయ ప్రమాణ సంస్థ ప్రపంచ భాషలకు రెండేసి అక్షరాల సంకేతాలను కేటాయించిన పట్టిక ఒకటుంది. ఆ పట్టికలో చోటున్న భాషకు, రాసేవారు ఉన్నా లేకపోయినా, ఒక వికీపీడియాను తెరిచి ఉంచడం ఆ తొలినాళ్ల పద్ధతి. తెరిచినవారు ఆ భాష తెలిసినవారు కానక్కరలేదు. దాంతో నమీబియాలోని హెరెరో, నమీబియా అంగోలా సరిహద్దుల్లోని క్వాన్యామా, ఇథియోపియా పరిసరాల్లోని అఫార్ వంటి భాషల వికీపీడియాలు ఏళ్ల తరబడి దాదాపు ఖాళీగా పడి ఉండి, ప్రకటనల చెత్తకూ ఆకతాయి రాతలకూ ఆటపట్టయి, చివరికి మూతపడ్డాయి. 2006లో ఈ పద్ధతి మారింది. కొత్త భాషల ప్రతిపాదనలను పరిశీలించడానికి ఒక భాషా సంఘం ఏర్పడింది. కొత్త వికీపీడియాను కోరేవారు ముందుగా 'ఇంక్యుబేటర్' అనే ప్రయోగస్థలంలో కొన్నాళ్లపాటు వ్యాసాలు రాసి, తమ భాషలో నిలకడగా పనిచేసే బృందం ఉందని చూపాలన్న నియమం వచ్చింది. ఆలస్యంగా వచ్చినా ఆ నియమం సమంజసమైనదే.

ఖాళీ ఇళ్ల నడుమ నిజంగా కాపురం సాగిన ఇల్లు స్వాహిలిది. దీనికి కారణాలు అంతర్జాలంలో కంటే తూర్పు ఆఫ్రికా భాషా చరిత్రలోనే ఎక్కువగా ఉన్నాయి. బ్రిటిష్ పాలనలోని కెన్యా, ఉగాండా, టాంగన్యీకా, జాంజిబార్ ప్రాంతాలకు ఉమ్మడిగా 1930లో ఏర్పడిన భాషా సంఘం జాంజిబార్ మాండలికాన్ని ఆధారం చేసుకుని స్వాహిలి వర్ణక్రమాన్ని, వ్యాకరణాన్ని ప్రామాణీకరించింది. స్వాతంత్ర్యానంతరం టాంజానియా స్వాహిలిని జాతీయ భాషగా స్వీకరించి, ప్రాథమిక విద్య మొత్తాన్ని అందులోకి మార్చి, పారిభాషిక పదాల నిర్ణయానికి 1967లో 'బకీతా' అనే జాతీయ స్వాహిలి మండలిని నెలకొల్పింది. దేశాధ్యక్షుడు జూలియస్ న్యెరెరే స్వయంగా షేక్స్పియర్ నాటకాలను స్వాహిలిలోకి అనువదించారు. ఇంత జరిగినా మాధ్యమిక పాఠశాల నుంచి బోధన ఆంగ్లంలోనే సాగడం వల్ల, చదువుకున్న టాంజానియా పౌరుడు రాజకీయాలను స్వాహిలిలో అనర్గళంగా చర్చించగలిగినా, కిరణజన్య సంయోగక్రియను ఆ భాషలో వివరించవలసి వస్తే తడబడే పరిస్థితి ఏర్పడింది. విజ్ఞాన సర్వస్వానికి కావలసినది సరిగ్గా ఆ రెండో రకం రచనే.

స్వాహిలి వికీపీడియా తొలి రెండేళ్లూ నామమాత్రంగానే ఉంది. అమెరికాలో నివసిస్తున్న టాంజానియా పాత్రికేయుడు, స్వాహిలిలో తొలి బ్లాగు రచయితగా పేరు పొందిన న్దెసాంజో మచా ఆ పనికి పూనుకోవడంతో చలనం వచ్చింది. అప్పటికే యేల్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ బెంజమిన్ 1994లో ప్రారంభించిన 'కముసి' అనే అంతర్జాల స్వాహిలి నిఘంటువు వాడుకలో ఉంది. దూరదేశాల్లో ఉన్నవారు పరస్పరం చూసుకోకుండానే ఒక భాషా గ్రంథాన్ని కలిసి నిర్మించవచ్చని ఆ నిఘంటువు నిరూపించింది. ఆ కాలంలో ఈ వికీపీడియాలో రాసినవారి కూర్పు గమనించదగినది. ప్రవాసంలో ఉన్న టాంజానియన్లు కొందరు, తూర్పు ఆఫ్రికాలో ఏళ్ల తరబడి పనిచేసి భాషను ఒంటపట్టించుకున్న ఐరోపా మతాచార్యులు, ఉపాధ్యాయులు కొందరు, దార్ ఎస్ సలామ్ నగరంలోని ఇంటర్నెట్ కేంద్రాల్లో గంటకు ఇంత అని చెల్లించి రాసిన యువకులు కొందరు. పరిమితమైన ఈ బృందపు అభిరుచులు సర్వస్వం విషయసూచికపై స్పష్టంగా ముద్రపడ్డాయి. క్రైస్తవ పునీతుల జీవితాలు, టాంజానియాలోని పాలనా విభాగాలు, తూర్పు ఆఫ్రికా నదులు వందల సంఖ్యలో వ్యాసాలైతే, ఇంజనీరింగు విషయాలు చాలాకాలం పలుచగానే ఉండిపోయాయి. ఇది లోపమే. అయితే ఏ సర్వస్వమైనా తొలినాళ్లలో దానిని రాసిన గుప్పెడు మంది జ్ఞానాన్నే ప్రతిఫలిస్తుంది కాబట్టి, ఇందుకు స్వాహిలిని మాత్రమే తప్పుపట్టనక్కరలేదు.

పశ్చిమ ఆఫ్రికాలో పరిస్థితి వేరు. మాలి దేశంలో విస్తృతంగా మాట్లాడే బంబారా, అనేక దేశాలలో పశుపోషక సముదాయాలు మాట్లాడే ఫులా భాషలకు 1966లో బమాకో నగరంలో యునెస్కో ఏర్పాటు చేసిన సమావేశం ఉమ్మడి వర్ణమాలను సూచించింది కానీ, మాలిలో పాలన, బడి, పత్రిక ప్రధానంగా ఫ్రెంచిలోనే నడిచాయి. బంబారా మాట్లాడేవారిలో దానిని రాయడం నేర్చినవారు చాలా తక్కువ. 2005 ప్రాంతంలో 'గీక్‌కోర్ప్స్' అనే స్వచ్ఛంద సంస్థ తరఫున మాలిలో పనిచేసిన డచ్చి దేశస్థుడు కాస్పర్ సౌరెన్ ఈ భాషల వికీపీడియాలను పట్టాలెక్కించే ప్రయత్నం చేశారు. ఆ సంస్థ అసలు పని గ్రామీణ రేడియో కేంద్రాలకు చౌక కంప్యూటర్లు సమకూర్చడం. రేడియోలో ధారాళంగా వినిపించే భాష తెరమీద అక్షరాలుగా మారవలసి వచ్చేసరికి ఆగిపోవడం అక్కడ ప్రత్యక్షంగా తేలింది. బంబారా వికీపీడియా ఆ తరువాత కూడా కొన్ని వందల వ్యాసాల స్థాయిలోనే చాలాకాలం ఉండిపోవడానికి వెనుకనున్నది సాంకేతిక కొరత కంటే ఎక్కువగా ఈ అక్షరాస్యతా సమస్యే.

అక్షరాల ప్రస్తావన వచ్చినందున లిపుల సంగతి కూడా చెప్పుకోవాలి. తెలుగు వంటి భాషలకు యూనికోడ్, అంటే ప్రపంచ లిపులన్నిటికీ కంప్యూటరులో ఒకే సంఖ్యాక్రమం ఇచ్చే ప్రమాణం, 1991లో దాని తొలి కూర్పులోనే చోటు కల్పించింది. అమ్హారిక్, టిగ్రిన్యా భాషలు రాసే ఇథియోపియా లిపికి 1999 దాకా ఆగవలసి వచ్చింది. గినీ దేశపు పండితుడు సోలొమాన కాంతె మాండే కుటుంబ భాషల కోసం 1949లో రూపొందించిన, కుడి నుంచి ఎడమకు రాసే ఎన్‌కో లిపికి 2006లోనూ, ఫులా భాష కోసం గినీలోనే బారీ సోదరులు బాల్యంలో కల్పించిన అద్లామ్ లిపికి 2016లోనూ స్థానం దక్కింది. లాటిన్ లిపి వాడే భాషలకు ఈ చిక్కు లేదనుకోవడం కూడా సరికాదు. యోరుబాలో అచ్చు మీద పెట్టే స్వర చిహ్నం, కింద పెట్టే చుక్క లేకపోతే ఒకే వర్ణక్రమం నాలుగైదు అర్థాలిస్తుంది. హౌసాలో కొక్కెం తగిలించిన హల్లులు వేరే ధ్వనులు. అంగట్లో దొరికే కీబోర్డుల మీద ఇవేవీ ఉండవు. అందువల్ల తొలితరం యోరుబా వ్యాసాలు చాలావరకు చిహ్నాలు లేకుండానో, ఒక్కో రచయిత ఒక్కో పద్ధతిలో పెట్టుకున్న చిహ్నాలతోనో వెలువడ్డాయి. ఒకే మాటను వెతికితే సగం వ్యాసాలు దొరకని స్థితి ఏర్పడింది. ఎన్‌కో వికీపీడియా 2019లో తెరుచుకునే నాటికి ఆ లిపి ఉద్యమానికి డెబ్బై ఏళ్ల రాతపని అలవాటు ఉంది. చేత్తో పుస్తకాలకు పుస్తకాలు నకలు చేసుకుని చదువుకున్న సముదాయం అది.

2009 జూలైలో తూర్పు ఆఫ్రికా తీరానికి 'సీకామ్' సముద్రగర్భ కేబులు చేరింది. అంతవరకు ఉపగ్రహాల ద్వారా ఖరీదుగా, నెమ్మదిగా అందిన ఇంటర్నెట్ ఆ తరువాత ఏడాది రెండేళ్లలో వచ్చిన మరికొన్ని కేబుళ్లతో కలిసి మోంబాసా, దార్ ఎస్ సలామ్, నైరోబీ నగరాలలో మధ్యతరగతికి అందుబాటులోకి రాసాగింది. వ్యాపార సంస్థలు ఈ మార్పును వెంటనే గమనించాయి. గూగుల్ తన అనువాద యంత్రంలో ఆఫ్రికాన్స్, స్వాహిలి భాషలను ఆ ఆగస్టులోనే చేర్చి, నవంబరులో కెన్యా, టాంజానియా విశ్వవిద్యాలయ విద్యార్థులకు స్వాహిలి వికీపీడియా వ్యాసరచన పోటీ ప్రకటించింది. లాప్‌టాప్‌లు, మొబైల్ ఫోన్లు, ఇంటర్నెట్ మోడెములు బహుమతులు. వెతికేవారికి చూపడానికి ఆ భాషలో పాఠ్యం లేకపోతే శోధన యంత్రానికి పని ఉండదు. సమాంతర పాఠ్యం, అంటే ఒకే విషయం రెండు భాషల్లో ఉన్న రాత, లేకపోతే అనువాద యంత్రానికి శిక్షణ ఉండదు. కాబట్టి ఆ ఔదార్యం వెనుక ప్రయోజనం కూడా ఉందని చెప్పడం నిందించడం కాదు. 2010 జనవరిలో ముగిసిన ఆ పోటీలో సుమారు 800 మంది పేర్లు నమోదు చేసుకోగా, 900కు పైగా కొత్త వ్యాసాలు వచ్చాయి.

వచ్చినవారిలో అత్యధికులు పోటీ ముగియగానే మళ్లీ కనిపించలేదు. మలేరియా, వ్యవసాయం, కంప్యూటరు శాస్త్రం వంటి విషయాల మీద స్వాహిలిలో అంతకు ముందు లేని వ్యాసాలు కొన్ని ఆ పోటీ వల్ల సమకూరిన మాట నిజమే. కానీ ఆంగ్ల వాక్యాన్ని యంత్రానికి అప్పగించి, వచ్చినదాన్ని పైపైన సవరించి పెట్టిన వ్యాసాలూ వాటిలో ఉన్నాయి. లింకులు, మూసలు, వర్గాలు సరిచేసే భారమంతా వేళ్లమీద లెక్కించదగిన పాత వాడుకరుల నెత్తిన పడింది. పోటీ నిర్వాహకుల లెక్కలో ఆ శ్రమకు వరుస లేదు.

ఈ అనుభవం తెలుగువారికి కూడా కొత్తది కాదు. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే గూగుల్ సంస్థ తన అనువాద పరికరంతో హిందీ, తమిళం, తెలుగు, కన్నడం, బెంగాలీ, అరబ్బీ మొదలైన భాషల వికీపీడియాలలోకి పారితోషికం తీసుకునే అనువాదకుల చేత ఆంగ్ల వ్యాసాలను చేర్పించింది. స్వాహిలి కూడా ఆ ప్రయత్నంలో భాగమే. బెంగాలీ వికీపీడియా సముదాయం నాణ్యత లేదంటూ ఆ వ్యాసాలను తిరస్కరించింది. తమిళ వికీపీడియన్లు 2010 జూలైలో పోలండులోని గదాన్‌స్క్ నగరంలో జరిగిన వికీమేనియా, అంటే ప్రపంచ వికీపీడియన్ల వార్షిక సమావేశం, వేదికగా తమ విమర్శను సవివరంగా సమర్పించారు. తెలుగులో ఆ వ్యాసాలు ప్రత్యేక వర్గంలో చేరి, కృతకమైన వాక్యాలతో, లేని పేజీలను సూచించే ఎర్ర లింకులతో చాలాకాలం దిద్దుబాటు కోసం ఎదురుచూశాయి. అభ్యంతరం చెప్పగల బలం బెంగాలీకి, తమిళానికి ఉన్నంతగా అప్పటి స్వాహిలి సముదాయానికి లేదు. నిలకడగా పనిచేసే బృందం ఉండటమంటే కొత్త వ్యాసాలు రాయడంతో పాటు వద్దనగలగడం కూడా.

ఇక యంత్రాలు నేరుగా రాసిన సర్వస్వాల విషయం. బాట్ అంటే మనిషి ప్రమేయం లేకుండా పేజీలు సృష్టించే, సవరించే ప్రోగ్రాము. జనాభా లెక్కలు, గ్రహశకలాల పట్టికలు వంటి దత్తాంశం ఉంటే, ఒక వాక్య నిర్మాణంలో ఖాళీలు నింపుతూ రాత్రికి రాత్రి వేల మొలకలను, అంటే రెండు మూడు వాక్యాల చిన్న వ్యాసాలను, పుట్టించవచ్చు. మలగాసీ విక్షనరీ, అంటే వికీ పద్ధతిలోని నిఘంటువు, ఒక మలగాసీ వాడుకరి తయారు చేసిన బాట్ సహాయంతో లక్షల పదాలకు పైబడి, ఒక దశలో ఫ్రెంచి, ఆంగ్ల నిఘంటువుల సరసన నిలిచింది. ఈజిప్టు అరబ్బీ ఉదంతం ఇంతకంటే ఆశ్చర్యకరమైనది. వికీమేనియా తొలిసారి ఆఫ్రికా గడ్డమీద, అలెగ్జాండ్రియాలో, జరిగిన 2008లోనే ఈ వికీపీడియా తెరుచుకుంది. వ్యవహారంలో కైరో వీథుల భాషే అయినా రాతకు ప్రామాణిక అరబ్బీయే తగినదన్న అభిప్రాయం బలంగా ఉన్న సమాజంలో ఆ ప్రయోగం తీవ్రమైన వాదవివాదాలకు దారితీసింది. పదేళ్లకు పైగా కొన్ని వేల వ్యాసాలతో నెమ్మదిగా నడిచిన ఆ సర్వస్వం 'వికీడేటా' అనే ఉమ్మడి దత్తాంశ భాండాగారం నుంచి బాట్ తోడిపోసిన మొలకలతో 2020లో పది లక్షలు దాటి, సంఖ్యలో ప్రామాణిక అరబ్బీ వికీపీడియాను మించిపోయింది. ఆ లక్షల పేజీలలో అధిక భాగం ఏదో ఒక దేశపు క్రీడాకారుడి పేరు, పుట్టిన తేదీ మాత్రమే చెప్పే వాక్యాలు. ఒక భాషకు రాతలో గౌరవం సంపాదించాలన్న వాదంతో మొదలైన ప్రయత్నం మనుషులు రాసిన వ్యాసాలే కనబడనంతగా మొలకల కింద కప్పబడటం విచారకరం.

సంఖ్యలను మాట్లాడేవారి జనాభాతో పోల్చినప్పుడు మరొక అంతరం బయటపడుతుంది. దక్షిణాఫ్రికా 2011 జనగణన ప్రకారం జులూ ఇంటి భాషగా గలవారు కోటీ పదిహేను లక్షలు, ఆఫ్రికాన్స్ ఇంటి భాషగా గలవారు 68 లక్షలు. ఆఫ్రికాన్స్ వికీపీడియా లక్ష వ్యాసాలు దాటగా, జులూ వికీపీడియా దానిలో పదోవంతు స్థాయిలోనే ఉంది. 1996 రాజ్యాంగం పదకొండు భాషలకు సమాన హోదా ప్రకటించినా, ఉన్నత విద్యలో, నిఘంటువులలో, ప్రచురణలో ఆఫ్రికాన్స్ గత శతాబ్దంలో పొందిన పెట్టుబడి వర్ణవివక్ష పాలన ఫలితం. జులూ, షోసా భాషలను అదే పాలన ప్రాథమిక పాఠశాల దగ్గరే ఆపివేసింది. ఈ వారసత్వాన్ని పక్కన పెట్టి, జులూవారికి ఆసక్తి లేదని తేల్చే వ్యాఖ్యలు అన్యాయమైనవి.

చదివేవారికి చేరవేయడం వేరొక కథ. కనెక్షను లేనిచోట కూడా వికీపీడియాను చదివించే 'కివిక్స్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2007లో వెలువడింది. 2012లో ఫ్రాన్స్ వికీమీడియా సంస్థ మరి రెండు సంస్థలతో కలిసి 'ఆఫ్రిపీడియా' పేరిట ఫ్రెంచి వాడుక ఉన్న ఆఫ్రికా దేశాల విశ్వవిద్యాలయాలలో అరచేతిలో పట్టే సర్వర్ల ద్వారా దానిని పంచింది. డేటా చార్జీలు లేకుండా మొబైల్‌లో వికీపీడియా చదవనిచ్చే 'వికీపీడియా జీరో' ఒప్పందాలు కూడా అదే ఏడు ఆఫ్రికాకు వచ్చాయి. అలాంటి సౌకర్యం తమకూ కావాలని కేప్‌టౌన్‌లోని సినెన్‌జోంగో ఉన్నత పాఠశాల విద్యార్థులు మొబైల్ కంపెనీలకు బహిరంగ లేఖ రాశారు. ఆ ఒప్పందాల పథకం 2018లో ముగిసింది. ఈ మార్గాలన్నిటి గుండా ప్రవహించినది ప్రధానంగా ఫ్రెంచి, ఆంగ్ల పాఠ్యమే కాబట్టి, ఆఫ్రికా భాషల సర్వస్వాలకు వీటి వల్ల కలిగిన మేలు పరోక్షమైనది.

రాయడానికి మనుషులు, అక్షరాలు, కనెక్షను ఉన్న తరువాత కూడా ఒక గోడ మిగులుతుంది. వికీపీడియాలో ప్రతి విషయానికీ ప్రచురిత ఆధారం చూపాలన్నది మూల నియమం. ముద్రణ సంప్రదాయం పలుచగా ఉన్న భాషలో ఈ నియమం ఒక విచిత్రమైన ఫలితాన్ని ఇస్తుంది. ఒక గ్రామపు ఆటను గురించి, ఒక పానీయం తయారీని గురించి ఆ ఊరివారందరికీ తెలిసినదైనా ఆధారం లేదన్న కారణంతో వ్యాసంలో నిలవదు. అదే విషయాన్ని వలసపాలన కాలంలో ఒక జిల్లా అధికారి సగం తప్పుగా రాసిపెట్టిన నివేదిక ఉంటే అది చెల్లుతుంది. 2011లో బెంగళూరుకు చెందిన రచయిత అచల్ ప్రభల ఈ సమస్యను పరీక్షించడానికి, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ తోడ్పాటుతో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని ఉత్తర సోథో భాషల వాడుకరులతో కలిసి 'మౌఖిక ఆధారాల' ప్రయోగం చేశారు. ఊరి పెద్దల చేత మాట్లాడించి, ఆ సంభాషణను ధ్వనిముద్రణ చేసి అందరికీ అందుబాటులో ఉంచి, వ్యాసంలో ఆ ముద్రణనే ఆధారంగా చూపడం ఆ పద్ధతి. ఆంగ్ల వికీపీడియాలో ఇది పరిశీలించడానికి వీలులేని స్వీయ పరిశోధన అవుతుందని గట్టి అభ్యంతరాలు వచ్చాయి. ఆ అభ్యంతరంలో అర్థం లేకపోలేదు, ఎందుకంటే ఒక ముద్రణలో వినిపించిన పెద్దమనిషి మాటకు ఎదురుమాట ఎక్కడ నమోదవుతుందన్నది న్యాయమైన ప్రశ్న. కానీ ముద్రిత గ్రంథాన్ని అదే ప్రశ్న అంత పట్టుదలగా ఎవరూ అడగరు. ప్రయోగం విధానంగా మారలేదు. అది లేవనెత్తిన వివాదం మాత్రం సద్దుమణగలేదు.

2015 తరువాతి దశలో ముఖ్యమైన మార్పు రచయితల చిరునామాలో వచ్చింది. అంతవరకు ప్రవాసుల చేతుల్లోనూ, ఐరోపా ఔత్సాహికుల చేతుల్లోనూ ఎక్కువగా నడిచిన పని నైజీరియా, ఘనా, టాంజానియా దేశాలలోనే ఉన్న యువకుల బృందాలకు చేరింది. హౌసా, ఇగ్బో, యోరుబా భాషలకు ఎవరికి వారు వాడుకరి సంఘాలు పెట్టుకుని, గ్రంథాలయాలలో, విశ్వవిద్యాలయాలలో ఎడిటథాన్‌లు, అంటే పలువురు ఒకచోట కూర్చుని నిర్ణీత సమయంలో వ్యాసాలు రాసే సమావేశాలు, నిర్వహించసాగారు. ఉత్తర ఘనాలోని తమాలే నగర పరిసరాల్లో మాట్లాడే దగ్బానీకి అధికార భాష హోదా గానీ, పెద్ద ప్రచురణ సంప్రదాయం గానీ లేవు. అయినా అక్కడి బృందం ఇంక్యుబేటర్‌లో పనిచేసి 2021లో స్వతంత్ర వికీపీడియా సంపాదించుకుంది. అదే ఘనాలో సంకేతాల పట్టిక పుణ్యమా అని ఎప్పుడో ఏర్పడిన అకాన్ వికీపీడియా తరువాత మూతపడింది. అకాన్ అన్నది ట్వి, ఫాంటె మొదలైన రూపాలకు భాషావేత్తలు పెట్టిన ఉమ్మడి పేరే తప్ప, ఎవరూ కలం పట్టుకుని తాము అకాన్‌లో రాస్తున్నామని అనుకోరు. ట్వి, ఫాంటె రచయితలు వేర్వేరు వికీపీడియాలలో రాసుకుంటున్నారు.

ఈ బృందాల పనితీరును యంత్రానువాదం మళ్లీ మార్చింది. ఒక భాషలోని వ్యాసాన్ని పేరా పేరాగా మరొక భాషలోకి తెచ్చే 'కంటెంట్ ట్రాన్స్‌లేషన్' పరికరం 2015 నుంచి వికీపీడియాలోనే ఉంది. 2022లో మెటా సంస్థ 55 ఆఫ్రికా భాషలతో సహా 200 భాషలకు తయారుచేసిన అనువాద నమూనాను ఆ పరికరానికి జోడించడంతో హౌసా, ఇగ్బో, జులూ, లుగాండా వంటి భాషలలో ఒక వ్యాసం తయారుకావడానికి గంటల బదులు నిమిషాలు చాలుతున్నాయి. హౌసా, ఇగ్బో వికీపీడియాల పేజీలు కొద్ది సంవత్సరాలలోనే పదివేలలోకి చేరడానికి ఎడిటథాన్‌లతో పాటు ఇదీ కారణమే. అయితే ఆఫ్రికా భాషల సాంకేతికత కోసం 2019లో ఆఫ్రికా పరిశోధకులే ఏర్పాటు చేసుకున్న 'మసఖానే' బృందం తొలి నమూనాలకు శిక్షణ ఇచ్చేనాటికి ఎక్కువ భాషల్లో దొరికిన సమాంతర పాఠ్యం యెహోవా సాక్షుల మత ప్రచురణల నుంచి సేకరించినదే. ప్రబోధ గ్రంథాల నుంచి భాష నేర్చిన యంత్రం రసాయన శాస్త్రం రాయవలసి వస్తే ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇంతకంటే క్లిష్టమైనది దీనిలోని వలయం. చిన్న భాషలకు అంతర్జాలంలో దొరికే వ్యవస్థితమైన పాఠ్యంలో వికీపీడియాది పెద్ద వాటా కాబట్టి, అనువాద యంత్రాలకు శిక్షణ అక్కడి పాఠ్యంతోనే జరుగుతుంది. అక్కడ దిద్దని యంత్రానువాదాలు పేరుకుంటే తరువాతి యంత్రం ఆ తప్పులనే ఆ భాషగా నేర్చుకుంటుంది. ఆంగ్లంలో ఇలాంటి పేజీని ఎవరో ఒకరు గంటలో పట్టుకుంటారు. ఫులాలో ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు. అందుకే కంటెంట్ ట్రాన్స్‌లేషన్ పరికరంలో యంత్రం ఇచ్చిన పాఠంలో ఇంత శాతానికి మించి మార్చకుండా వదిలేస్తే ప్రచురణకు అడ్డుపడే హద్దు ఒకటి ఉంచారు. ఆ హద్దు ఎంత కఠినంగా ఉండాలో ప్రతి భాషా సముదాయమూ తనకు తగినట్టు కోరుకోవచ్చు. హౌసా, ఇగ్బో, దగ్బానీ నిర్వాహకుల ముందు ఇప్పుడున్న పని ఈ హద్దును ఎంతవరకు బిగించాలో తేల్చుకోవడం. బిగిస్తే ఎడిటథాన్‌లకు కొత్తగా వచ్చిన విద్యార్థులు నిరుత్సాహపడతారు, వదిలేస్తే దిద్దవలసినది దిద్దగలిగినదానిని మించుతుంది. ఇంతలో దత్తాంశం నుంచి ఏ భాషలోనైనా నేరుగా వాక్యాలను పుట్టించాలన్న వికీమీడియా కొత్త ప్రణాళిక తన తొలి ప్రయోగాలకు బంగ్లా, మలయాళాలతో పాటు ఈ మూడు భాషలనే ఎంచుకుంది. ఆ ప్రోగ్రాములకు కావలసిన వ్యాకరణ సూత్రాలను, హౌసాలో నామవాచకపు లింగం నుంచి దగ్బానీలో బహువచన ప్రత్యయాల దాకా, ఒక్కొక్కటిగా రాసిపెట్టవలసినది మళ్లీ ఆ కొద్దిమంది వాడుకరులే.